ఒంటికన్ను మనిషి

మా ఇంట్లో కళ్ళు దిద్దని బొమ్మ గడప దాటదు. ఈ కట్టు ఎవరు పెట్టారో తెలియదు. నాన్న పాటించాడు, ఇప్పుడు అన్న పాటిస్తున్నాడు. జగిత్యాల పక్కన మా షెడ్డులో చవితికి వినాయకులు, దసరాకు అమ్మవార్లు తయారయ్యేవి. ఒంటినిండా రంగులు పూర్తయ్యాక కూడా కళ్ళు మాత్రం చివరికి ఉంచేవాళ్ళం. వాకిట్లో ట్రాక్టరువాడు హారన్ మీద హారన్ కొడుతున్నా సరే, అన్న తలకు పోసుకుని వచ్చి కుంచె పట్టేదాకా బొమ్మ కదిలేది కాదు. "గుడ్డి మొఖాన్ని రోడ్డెక్కిస్తమా?" అని ఆ ట్రాక్టరువాడి మీదే కసిరేవాడు. కళ్ళు దిద్దడం నాకూ వచ్చు. అన్నంత బాగా కాదు గాని, వచ్చు.

ఆ పనే నన్ను దుబాయ్ తెచ్చింది. అల్‌ఖోజ్‌లో ఒక వర్క్‌షాపు. హోటళ్ళకూ విల్లాలకూ జిప్సంతోనూ ఫైబర్‌తోనూ అలంకారాలు పోస్తాం. స్తంభాలు, సీలింగు పూలు, గుర్రపు తలలు, గేటు మీద కూర్చునే సింహాలు. అచ్చు తీయడం వచ్చినవాడికి దేవుడైనా సింహమైనా ఒకటే. ముందు బొమ్మ, దాని మీద రబ్బరు అచ్చు, ఆ అచ్చులోంచి ఎన్ని కావాలంటే అన్ని బొమ్మలు.

అక్కడ నాతోపాటు పనిచేసేవాడు, సత్వాలో మేముండే రూములో నా పై మంచం మీద పడుకునేవాడు ఒకాయన ఉండేవాడు. మా పక్క ఊరే. వరసకు బావ. పోసిన బొమ్మల్ని గరుకు కాగితంతో రుద్ది నున్నగా చేయడం ఆయన పని. ఎప్పుడు చూసినా కనుబొమ్మల దాకా తెల్లటి పొడి. మధ్యాహ్నం తిండి వేళ ఆ ముఖంతోనే భార్యకు, అంటే వరసకు మా అక్కకు, వీడియో కాల్ చేసేవాడు. "ఈ పిండి మొఖం ఎవనిది?" అని ఆమె రోజూ అడిగేది, ఈయన రోజూ కొత్తగా విన్నట్టు నవ్వేవాడు. నాకేమో చిన్నదానికే ఒళ్ళు మండుతుంది. నా కోపం మీద కూడా నవ్వేవాడు కాబట్టే ఆయనతో నాకు కుదిరింది.

2020 మొదట్లో ఒక హోటల్ పని వచ్చింది. రెస్టారెంటు గోడ పొడవునా గ్రీకు బొమ్మలు కావాలి. ఆ పని చూసే డిజైనర్ మేడం యూరప్ నుంచి వచ్చింది. పెద్ద పెద్ద ఫోటోలు తెచ్చి మా వర్క్‌షాపు గోడకు వరసగా అంటించి, మమ్మల్ని కూర్చోబెట్టి నిదానమైన ఇంగ్లీషులో చెప్పింది. ఏ మేడమూ మాకు బొమ్మ వెనక కథ చెప్పి ఎరగదు. కొలతలు చెప్పి పోతారు. అందుకని శ్రద్ధగానే విన్నాను.

ఈ బొమ్మలు అసలు గ్రీసులోవి కావట. ఎప్పుడో వేల ఏళ్ళ కిందట అక్కడి జనం సొంత ఊళ్ళలో బతుకు ఇరుకై పడవలెక్కి నల్లసముద్రం ఒడ్డుకూ, ఇటలీ కింది కొసకూ పోయి కొత్త ఊళ్ళు కట్టుకున్నారట. ఆ ఊళ్ళ చుట్టూ అంతకు ముందునుంచీ ఉన్న మనుషుల్నీ, ఇంకా అవతల ఎక్కడో ఉన్నారని చెప్పుకునే మనుషుల్నీ కుండల మీదా గిన్నెల మీదా గీశారట. ఒక్కొక్క ఫోటో ముందూ నిలబడి చూశాను. పాంట్లు తొడుక్కుని గుర్రం మీంచి బాణం వేసే గడ్డపువాళ్ళు. గొడ్డళ్ళతో మగవాళ్ళ మీదికి దూకే ఆడవాళ్ళు. కొంగలతో యుద్ధం చేసే మరుగుజ్జులు. నడుము దాకా మనిషి, కింద గుర్రం. నల్లవాడి తల ఆకారంలో చేసిన తాగే గిన్నె, ఉంగరాల జుట్టుతో సహా.

వీటన్నిటి నడుమ ఒంటికన్ను జనం. ఉత్తరాన ఎక్కడో చలిదేశంలో ఉంటారట. గద్దముక్కు సింహాలు కాపలా కాసే బంగారాన్ని దొంగతనం చేయడమే వాళ్ళ పని. ఇక్కడొక విచిత్రం చెప్పింది మేడం. కథల్లో వాళ్ళకు ఒకే కన్ను. కాని కుండల మీద గీసినవాడు మాత్రం రెండు కళ్ళూ పెట్టాడు. మామూలు మనుషుల్లాగే ఉన్నారు, వేషమే వేరు. ఎందుకట్లా అని అడిగితే, తెలియదంది. నాకు మాత్రం తెలిసినట్టే అనిపించింది. ఆ గీసినవాడు మా అన్నలాంటి మనిషి అయి ఉంటాడు. ఎవడేం కథ చెప్పినా, చేతిలో కుంచె ఉన్నవాడికి ఒక కన్ను తీసేయడానికి మనసొప్పలేదు.

అయితే హోటల్ ఓనరుకు ఆ సున్నితాలు లేవు. కథలో ఒక కన్నుంటే గోడమీద కూడా ఒకే కన్ను ఉండాలి, అదీ నుదుటి మధ్య. తినడానికి వచ్చినవాళ్ళు దాని పక్కన నిలబడి ఫోటో దిగాలి.

ముఖాలు ఎక్కడివి? అదొక పెద్ద కథ. గ్రీకు వీరుల ముఖాలకు మేడం దగ్గర అచ్చులు సిద్ధంగా ఉన్నాయి, ఏదో మ్యూజియం నకళ్ళు, పెట్టెల్లో వచ్చాయి. మిగతా జనానికే అసలు మనుషులు కావాలి. మా ముదీర్, అంటే మేనేజరు, వర్క్‌షాపు వాకిట్లో మమ్మల్ని వరసగా నిలబెట్టాడు. మేడం మమ్మల్ని చూసుకుంటూ నడిచింది. పెషావర్ వైపునుంచి వచ్చిన వెల్డర్‌ను గుర్రపువాడికి తీసుకుంది. గేటు దగ్గరి సూడాన్ కాపలాదారును గిన్నెకు తీసుకుంది. బావ దగ్గర ఆగి ఆయన నుదురు వేళ్ళతో కొలిచింది. విశాలమైన నుదురు. కన్ను పెట్టడానికి జాగా ఉంది. వింతమనిషి ముఖం కావాలనేసరికి మేమంతా పనికొచ్చాం. గ్రీకువాడి ముఖానికి మాలో ఒక్కడూ పనికి రాలేదు. కడుపు మండింది నాకు. ఆ సాయంత్రం బస్సులో అదే అన్నాను.

బావ నవ్వాడు. "మనం తక్కువోళ్ళమా ఏంది? మీ అన్న అమ్మవారి కాళ్ళకింద రాచ్చసునికి ఎవల మీసం వెట్టిండు?"

నిజమే. అన్నకు ఎవరిమీద కోపమొస్తే ఆ ఏడాది రాక్షసుడికి వాళ్ళ మీసం పెట్టేవాడు. ఒకసారి మా కరెంటాయన మీసమే పెట్టాడు, ఊరంతా గుర్తుపట్టింది. రాక్షసుడికి నల్లరంగే ఎందుకు వేస్తామని మాలో ఎవరూ ఏనాడూ అడగలేదు. చిన్నప్పుడు మా ఊరికి దుబాయ్ నుంచి వచ్చినవాళ్ళు చెప్పే కథల్లో అరబ్బు ఒక పూటకు ఒక గొర్రెను తినేవాడు. నేను వచ్చాక చూస్తే మా కఫీల్, అంటే వీసా ఇచ్చిన అరబ్బు, షుగరు రోగి, పెరుగన్నం లాంటిదేదో తింటాడు. దూరంగా ఉన్నవాడికి ఏ తోక తగిలించినా చెల్లుతుంది.

"గంతే గద," అన్నాడు బావ. "ఒక్క కన్నైతేంది, దొంగతనానికి సరిపోతది. మీ అక్కకు మాత్రం చెప్పకు. హోటల్ గోడ మీద నన్ను సిపాయిని జేస్తున్నరని చెప్పిన. మస్తు సంబురపడ్డది."

"చెప్పను తియ్యి."

"ఒట్టు?"

"ఒట్టు బావా."

అచ్చు నేనే తీశాను. పళ్ళ డాక్టర్లు దవడ అచ్చుకు వాడే పొడి ఒకటి ఉంటుంది, నీళ్ళలో కలిపితే కాసేపట్లోనే గట్టిపడుతుంది. బల్ల మీద బావను పడుకోబెట్టి, మీసానికీ కనుబొమ్మలకూ వాజిలీన్ రాసి, ముక్కు రంధ్రాలు వదిలి ముఖమంతా పోశాను. కళ్ళు మూసుకోవాలి, కదలకూడదు, నవ్వకూడదు. ఆ చివరిది ఆయనవల్ల అయ్యే పని కాదు. "నవ్వితే పగుల్తది బావా, మల్ల మొదటికొస్తది" అని బతిమాలాను. బిగబట్టాడు. గట్టిపడ్డాక ఊడదీసి జిప్సం పోసి చూస్తే, కళ్ళు మూసుకుని నిద్రపోతున్న ముఖం. పెదవి ఎడమ మూల మాత్రం బిగబట్టిన నవ్వు అలాగే దిగిపోయింది. దాన్ని రుద్దేయమన్నాడు ముదీర్. పని ఎక్కువవుతుందని వదిలేశాను. ఆ జిప్సం ముఖం మీద రబ్బరు అచ్చు తీసి రాక్‌లో పెట్టాను. తర్వాత ఆ అచ్చులోంచి పోసిన ముఖాలకు రెండు కళ్ళూ పూడ్చి, నుదుట ఒకటి చెక్కాలి. ఆ పని ఇంకా మొదలుపెట్టలేదు.

మేడం అంటించిన ఫోటోల్లో ఒక మూల చిన్నదొకటి ఉండేది. మా ఆర్డరులో లేనిది. ఆ పాంట్ల జనానిదే, నల్లసముద్రం వైపు దొరికిన బంగారు గిన్నె. దాని మీద యుద్ధం లేదు, సింహం లేదు. ఒకడు నేలమీద కూర్చుంటే ఇంకొకడు వాడి నోట్లో వేలు పెట్టి పంటినొప్పి చూస్తున్నాడు. పక్కన ఒకడు తోటివాడి కాలికి కట్టు కడుతున్నాడు. బావ అన్నం గిన్నె పట్టుకుని దాని ముందే కూర్చుని తినేవాడు. "గీళ్ళు మన రూమోళ్ళ లెక్కనే ఉన్నరు గదరా," అనేవాడు. ఇది కూడా గోడ మీద పెట్టొచ్చు కదా అని నేను మేడాన్ని అడిగాను. తింటూ తింటూ పంటినొప్పి ఎవరు చూస్తారంది. ఆమెకైతే ఆ గిన్నె ఇష్టమేనట, ఓనరే ఒప్పుకోలేదట.

మార్చి చివర్లో వర్క్‌షాపుకు తాళం పడింది. సత్వా రూములో మంచం మీద మంచం, మనిషి మీద మనిషి. ఇంట్లోనే ఉండండి, దూరంగా ఉండండి అని ఫోన్లకు మెసేజీలు వచ్చేవి. దూరం ఎక్కడిది? పై మంచం మీద బావ దగ్గితే నా మంచం ఊగేది. ఏప్రిల్లో ఆయనకు జ్వరం పట్టుకుంది. కింది మంచానికి దింపి తడిగుడ్డ వేశాను, గంజి తాగించాను. రూములో మిగతావాళ్ళు భయపడి వంటింట్లో పడుకున్నారు. వాళ్ళను తిట్టాను గాని, వాళ్ళ తప్పేం లేదు. ఊపిరి అందకపోతుంటే అంబులెన్సుకు ఫోన్ చేశాం. ఒళ్ళంతా తెల్లటి సూట్లు తొడుక్కున్నవాళ్ళు వచ్చారు. కళ్ళద్దాల వెనక ఎవరి ముఖమూ కనిపించలేదు.

పోతూ పోతూ బావ నాకు చెప్పింది ఒకటే. "మీ అక్కకు దవాఖానకు పోయిన్నని చెప్పకు. ఆగమైతది. డ్యూటీకి పోయిండు, ఆడ ఫోన్ నడువదని చెప్పు."

అలాగే చెప్పాను. ఆమె ఫోన్ చేసినప్పుడల్లా డ్యూటీలో ఉన్నాడని చెప్పాను. తర్వాత నన్నూ పరీక్ష చేసి వేరే బిల్డింగులో పెట్టారు. అక్కడికి ఒక నర్సు ఫోన్ చేసింది. బావ తన కాగితాల్లో నా నంబరు ఇచ్చాడట. తెలుగావిడే.

"అన్నయ్యగారూ, నేను కాకినాడ దగ్గర్నుంచండి. ఆయన తెల్లారగట్ల పోయారండి. నేను పక్కనే ఉన్నానండి. ఒంటరిగా అయితే పోలేదండి, ఆ మాట ఇంట్లోవాళ్ళకి చెప్పండి." తర్వాత అంది, "కళ్ళు నేనే మూశానండి. మా ప్రార్థన చేసుకున్నాను, మీ పద్ధతి నాకు తెలీదు మరి. తప్పైతే ఏమనుకోకండి."

ఫోటో ఏదైనా తీశారా అని అడిగాను. తీయకూడదంది, అప్పటికే సంచీలో పెట్టి జిప్పు వేసేశారంది. ఆసుపత్రివాళ్ళే ఇక్కడ దహనం చేయించారు. నేను చూడలేదు, ఎవరూ చూడలేదు. ఆ నర్సును నేను ఇప్పటికీ ముఖం చూసి ఎరగను. ఆమె మాట తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ ఏడుపొస్తుంది.

అక్కకు చెప్పాల్సింది నేనే. చెప్పాను. ఆమె ఏడవలేదు. అది నేను అనుకోనిది.

"మొన్నటిదాంక డ్యూటీకి పోయిండన్నవు. ఇయ్యాల సచ్చిపోయిండంటున్నవు. ఏది నమ్మాలె తమ్మీ?"

"అక్కా, బావే చెప్పొద్దన్నడు."

"మొఖం చూపెట్టు."

"లేదక్కా. ఎవలను చూడనియ్యలే."

"మొఖం చూడంది నేను గాజులు తియ్య. మొఖం చూపెట్టినంక మాట్లాడుండ్రి," అని ఫోన్ పెట్టేసింది.

మా వైపు గల్ఫ్‌లో పోయి శవం రానివాళ్ళు అప్పటికే ఉన్నారు. అలాంటివాళ్ళకు గడ్డితో మనిషిని కట్టి, పంచె చుట్టి, పాడె మీద పెట్టి దహనం చేస్తారు. బావ తండ్రి దానికి సిద్ధమయ్యాడు. కొడుకుకు కర్మ జరగకుండా ఎన్నాళ్ళని ఉంచుతాడు? ముసలాయన నాకు ఫోన్ చేసి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కాని కోడలు గడ్డిబొమ్మను వాకిట్లోకి రానివ్వలేదు. "గడ్డికి నేనెందుకు ఏడ్వాలె? నా పెనిమిటి దుబాయ్‌ల ఉన్నడు," అందట. రోజూ మధ్యాహ్నం తిండి వేళకు బావ నంబరుకు ఫోన్ చేసేదట. ఊళ్ళో ఆమెకు మతి తప్పిందనడం మొదలైంది. ముఖం చూస్తే తప్ప ఆమె నమ్మదు, నమ్మితే తప్ప ఆ ఇంట్లో ఏదీ ముందుకు సాగదు.

జూన్‌లో వర్క్‌షాపు తెరిచారు. రాక్‌లో అచ్చు పెట్టినచోటే ఉంది. అచ్చు లోపల ముఖం తిరగేసినట్టు, గుంటగా ఉంటుంది. చూస్తూ నిలబడ్డాను. ముదీర్ వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, "అల్లా యర్‌హమో," అన్నాడు. వెంటనే, "ఓ ఏక్ ఆంఖ్‌వాలా జల్దీ ఖలాస్ కరో భాయ్," అన్నాడు. దేవుడు కరుణించాలన్న మొదటి మాటా మనసులోదే, ఒంటికన్నువాణ్ణి తొందరగా ముగించమన్న రెండోదీ పనిలోదే. ఆ రోజు మాత్రం ఆయన్ను కొట్టాలనిపించింది.

బావ ముఖాలు పోశాను. అవి ఒక వరసగా బల్లమీద కళ్ళు మూసుకుని పడుకుని ఉన్నాయి, అన్నిటికీ ఎడమ మూల అదే నవ్వు. పుట్టీ కలిపి ఒక్కొక్క ముఖానికీ రెండు కళ్ళూ పూడ్చాను. రెప్పల గీతలు మాయమయ్యాయి. కళ్ళు దిద్దే ఇంట్లో పుట్టి, కళ్ళు పూడ్చే పని చేశాను. తర్వాత నుదుట ఒకటి చెక్కాలి. ఓనరుకు భయంకరంగా కావాలి, గుడ్లు ఉరుముతున్నట్టు. నాకు చేత కాలేదు. చేతికి వచ్చిందే వచ్చింది. అమ్మవారికి దిద్దేలాంటి పొడుగాటి, చల్లటి కన్ను. అప్పటికి వాళ్ళ దేశంలో ఇరుక్కుపోయిన మేడం వీడియోలో చూసి, మరీ శాంతంగా ఉందంది. కాసేపు చూసి, వద్దులే ఉండనివ్వండి అంది. నవ్వు జోలికి ఎవరూ రాలేదు.

రబ్బరు అచ్చు మిగిలింది. పని అయిపోయిన అచ్చుల్ని కోసి పారేస్తాం. ఇది నాకు కావాలని ముదీర్‌ను అడిగి, ఎందుకో చెప్పాను. తనే గుడ్డలు తెచ్చి, దాన్ని చుట్టి, డబ్బాలో పెట్టి టేపు వేశాడు. ప్రత్యేక విమానాల్లో మనవాళ్ళు ఇళ్ళకు పోతున్న రోజులవి. మా మండలంవాడు ఒకడు బట్టల సంచీలో పెట్టుకుని తీసుకెళ్ళి అన్నకు ఇచ్చాడు.

నా ఆలోచన ఇది. అచ్చులోంచి వచ్చేది కళ్ళు మూసుకున్న ముఖం. అది బతికున్న ముఖమే, నవ్వు బిగబట్టిన ముఖమే. ఐనా కళ్ళు మూసి ఉంది కాబట్టి ఆమెకు కడసారి చూపు అవుతుంది. గడ్డిబొమ్మకు ఆ ముఖం పెడితే చూస్తుంది, ఏడుస్తుంది, నమ్ముతుంది. మోసమే. కాని ఆ నర్సు చూసిన ముఖానికి ఇదే దగ్గర.

అన్నకు ఫోన్ చేసి చెప్పాను. "పీవోపీ పోసి ఎట్లున్నదట్లనే ఇయ్యి. రంగు వద్దు, ఏం దిద్దద్దు. కండ్లు మూసే ఉండాలె."

"సరే తియ్యి," అన్నాడు.

ఆ ఏడాది పెద్ద విగ్రహాలు వద్దని ఊరూరా చెప్పేశారు. అన్న షెడ్డులో అప్పటికే పోసిన వినాయకులు రంగు లేకుండా, కళ్ళు లేకుండా గోనెసంచుల కింద నిలబడి ఉన్నారు. ఎవరూ రాని షెడ్డులో, పని లేని చేతులతో, అన్న ఒక్కడూ కూర్చుని ఆ ముఖం పోశాడు. బావ అన్నకు బాగా తెలిసినవాడే. ఎన్నో నిమజ్జనాలకు మా ట్రాక్టరు తోలాడు.

దహనం రోజున వీడియో పెట్టారు. వర్క్‌షాపు వెనక నీడలో నిలబడి చూశాను. వాకిట్లో పాడె, దాని మీద గడ్డి మనిషి, కొత్త పంచె. ముఖం మీద తెల్లగుడ్డ. అక్కను ఇద్దరు ఆడవాళ్ళు పట్టుకుని తెచ్చారు. ముసలాయన వంగి గుడ్డ తీశాడు.

బావ చూస్తున్నాడు.

ఏం జరిగిందో ఒక క్షణం నాకు అర్థం కాలేదు. మూసిన రెప్పల మీద అన్న కళ్ళు దిద్దాడు. తెల్లగుడ్డు, నల్లపాప, పాపలో చుక్కంత వెలుగు. మీసానికి నలుపు, పెదవులకు రంగు. అన్న జీవితంలో అంత బాగా దిద్దిన కళ్ళు నేను చూడలేదు. వాకిట్లో ఏడుస్తున్నవాళ్ళంతా ఒక్కసారి ఆగిపోయారు. అక్క తనను పట్టుకున్నవాళ్ళ చేతులు విడిపించుకుని పాడె పక్కన కూర్చుంది. ఆ కళ్ళలోకి చూసింది.

"చూస్తుండు," అంది. "నవ్వుతుండు గూడ."

ముఖాన్ని గడ్డి మీంచి లేపి ఒడిలో పెట్టుకుంది. కొంగుతో కప్పింది. లోపలికి పోయి తలుపు వేసుకుంది. ముసలాయన తలుపు కొట్టాడు, బతిమాలాడు. తలుపు తెరవలేదు. పొద్దు పోతుంటే ముఖం లేని గడ్డినే మోసుకుపోయి కాల్చారు.

అన్నకు ఫోన్ చేసి నోటికి వచ్చినట్టు తిట్టాను. ఆయన్ను ఏనాడూ అట్లా అనలేదు. "కండ్లు మూసే ఉండాలని చెప్పిన్నా లేదా? నీకు చెవులున్నయా? ఇగ ఆమె జన్మల నమ్ముతదా?"

అన్న చెప్పాడు. "దినమంత దాని ముంగట కూసున్న రా. నీ మాట ప్రకారమే ఇద్దామనుకున్న. గడప కాడికి వట్టుకపోయి మల్ల తెచ్చిన. కండ్లు తెరువని మొఖం అంటే మన దగ్గర ఇంక పానం రాని మొఖం. గట్ల పంపితే వాడు అసలు బతికిందే లేదన్నట్టు గాదా? ఒక్కపారి తెరుస్తే, మూసేటోళ్ళు వాళ్ళే మూస్తరు గద అనుకున్న."

ఫోన్ కట్ చేశాను. తర్వాత చాలా రోజులు అన్నతో మాట్లాడలేదు. ఆయనా ఫోన్ చేయలేదు.

గోడ పని ఆ చలికాలంలో పూర్తయింది. బిగించడానికి నేనే వెళ్ళాను. గుర్రం మీద పెషావర్ వెల్డరు, షెల్ఫు మీద సూడాన్ కాపలాదారు, గద్దముక్కు సింహాల మీదికి చేతులెత్తి బావ, బావ, బావ. అందరికీ నుదుట ఒక కన్ను. కింద టేబుళ్ళు వేస్తున్నారు. ఫోన్లో ఒక ఫోటో తీసుకున్నాను. ఎవరికీ చూపించలేదు.

2022లో సెలవు మీద ఊరికి పోయాను. అన్నతో మాటలు అప్పటికి కలిశాయి, పైపైన. బావ ఇంటికి పోకుండా ఉండలేను. పోయాను.

ముందు గదిలో, టీవీ పక్క గోడకు, బావ నిలబడితే ఎంత ఎత్తుంటాడో అంత ఎత్తులో ముఖం మేకుకు తగిలించి ఉంది. గుమ్మంలోంచి లోపలికి వచ్చేవాణ్ణి చూస్తోంది. నేను తల దించుకున్నాను. అక్క చేతులకు గాజులు అట్లాగే ఉన్నాయి. చిక్కిపోయింది. చాయ్ ఇచ్చి ఎదురుగా కూర్చుంది.

"అందరు నన్ను పిచ్చిదంటున్నరు తమ్మీ. పోయిండని నాకెర్క లేదా? ఆ దినమే ఎర్కైంది. కళ్ళల్ల చూడంగనే ఎర్కైంది. ఉన్నోడైతే కన్ను కొట్టకుండ గంతసేపుంటడా?" గోడ వైపు చూసింది. "కాని చూసేటోన్ని నేనెట్ల కాలవెట్టాలె? మీ అన్నను ఏమనకు. మంచిగ జేసిండు."

రెండేళ్ళుగా నేను మోసిన కోపం ఎక్కడ పెట్టాలో తెలియలేదు. చాయ్ తాగాను.

"ఆడ హోటల్ గోడ మీద గూడ గిట్లనే ఉన్నడా?" అని అడిగింది. "సిపాయి లెక్క?"

"ఉన్నడక్కా."

"కండ్లు నువ్వే దిద్దినవా?"

"నేనే."

"రెండూ గిట్లనే మంచిగ ఉన్నయా?"

ఒంటికన్నువాళ్ళకు రెండు కళ్ళు గీసిన ఆ పాత గ్రీకువాడు గుర్తొచ్చాడు. వాడు చేతితో చేసిన పని నేను నోటితో చేశాను. "ఉన్నయక్కా. రెండూ ఉన్నయ్."

"ఫోటో లేదా?"

"తియ్యనియ్యలే." ఫోన్ నా పక్కన మంచం మీదే ఉంది. దాని మీద అరచెయ్యి పెట్టి కూర్చున్నాను.

అక్క కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది. "ఆడ ఎవలను చూసుకుంట ఉంటడు తమ్మీ?"

"తినేటోళ్ళను. అన్నం తినే జాగ గదక్కా అది."

ఆమె ముఖం మారిపోయింది. ఇంతసేపూ రాని నీళ్ళు అప్పుడొచ్చాయి కళ్ళలోకి. "ఆకలి మీద చూసినట్టు లేడు గద?"

"లేడక్కా. నవ్వుతుండు."

ఆ ఒక్కటి నేను కల్పించి చెప్పలేదు. పెదవి ఎడమ మూల ఉంది, అక్కడా ఇక్కడా.